పాతవస్తువుల బేహారి : కథలోను, చరిత్రలోను

దొంగను లోకము మెచ్చదు. కాని దొంగతనముతో సరసమాడుచు, దొంగ యనిపించుకొనకుండ తప్పించుకొను టక్కరిని మాత్రము మెచ్చుచునే యున్నది. మృచ్ఛకటికములో శర్విలకుడు అర్ధరాత్రమున గోడకు కన్నము వేయును. కొలత త్రాడు మరచి వచ్చినందున జందెముతోనే ఆ కన్నమును కొలుచును. ప్రేక్షకుడు వానిని అసహ్యించుకొనుటకు మారుగా చిరునవ్వు నవ్వును. ఆ నేర్పునకు సంతోషించును. నేర్పు ధర్మమార్గమున నడచినపుడు దానిని గౌరవించుట, పెడదారి పట్టినపుడు దానిని చూచి వినోదించుట మానవస్వభావము. ఈ స్వభావము ఆధారముగనే దేశదేశములలో టక్కరి కథలు పుట్టుచున్నవి.

ఇటీవలి కాలమున ఇంగ్లండు దేశము సృష్టించుకొన్న అట్టి టక్కరులలో లవ్‌జాయ్ ఒకడు. వాడు పాతవస్తువుల బేహారి. జొనాథన్ గాష్ అను కలంపేరుతో జాన్ గ్రాంట్ అను వైద్యుడు 1977లో వాని మొదటి నవలను ప్రకటించెను. అటుపిమ్మట ఇరువదికి పైగా నవలలు వెలువడినవి. 1986లో బి.బి.సి. సంస్థ ఆ కథలను టెలివిజన్ ధారావాహికగా ప్రసారము చేసెను. అయిదేండ్ల విరామము తరువాత 1991 మొదలు 1994 వరకు మరల నడపెను. నాయకపాత్రను ఇయాన్ మెక్‌షేన్ ధరించెను.

లవ్‌జాయ్‌కి ఒక్కటే పేరు. మొదటి పేరు ఎవరికిని తెలియదు. తూర్పు ఇంగ్లండులోని పల్లెలలో, పాత భవనములలో, వేలంపాటలలో తిరుగుచుండును. ఎల్లప్పుడు అప్పులలో మునిగియుండును. కొనునపుడు ఒక ధర, అమ్మునపుడు మరియొక ధర చెప్పుట వాని వృత్తి. ఆ రెంటి నడుమ ఎన్ని అబద్ధములు ఆడవలసి వచ్చినను వెనుకాడడు. ఐనను వానికి ఒక వరము కలదు. అసలైన ప్రాచీనవస్తువు ఎదుట పడినచో వాని గుండె ఝల్లుమనును. నకలు వస్తువు ఎంత నేర్పుతో చేసినదైనను ఆ స్పందన కలుగదు. ఇట్టి శక్తి కలవానిని ఆ కథలలో డివీ అని పిలుతురు. అబద్ధముల నడుమ బ్రతుకువానికి సత్యమును గుర్తించు శక్తి దొరకుటయే ఆ కథలోని చమత్కారము. మధ్య మధ్య వాడు కథను ఆపి, ప్రేక్షకుని వంక తిరిగి, తన వృత్తి రహస్యములను చెప్పుచుండును. మన వీధినాటకములలో హాస్యగాడు కథకును జనమునకును నడుమ నిలిచి మాటలాడినట్లే యుండును.

వాని చుట్టు ఒక లోకము కలదు. టింకర్ అను వృద్ధుడు సారాయి దుకాణములలోను, వేలశాలలలోను చెవులు రిక్కించి తిరిగి, ఎవరి యింట ఏ పాతవస్తువున్నదో కనిపెట్టి వచ్చి చెప్పుచుండును. అక్కడి వేలంపాటలలో వర్తకులు ముందుగా కూడబలుకుకొని, పోటీ పెంచకుండ ఒక్కరే పాడి, వస్తువును చౌకగా కొట్టుకొనిపోయి, తరువాత లోలోపల పంచుకొనుట కలదు. దానిని రింగు అందురు. 1927లో ఇంగ్లండు ప్రభుత్వము చట్టము చేసి దీనిని నేరముగా ప్రకటించెను. చెరువు చేపల వేలములోను, గుత్తపనుల టెండర్లలోను మనవారు రింగు అయినారని చెప్పుకొను మాట ఇదియే. మోసమునకు దేశభాషాభేదము లేదు.

నవలలోని లవ్‌జాయ్ కఠినుడు, స్వార్థపరుడు. టెలివిజనులోని లవ్‌జాయ్ మెత్తనివాడు, ఆపన్నులను ఆదుకొనువాడు. లక్షలాది కుటుంబములు కూర్చుండి చూచు వినోదమునకై ఆ పాత్ర పదును తగ్గించిరి. కాని ఒక ప్రశ్న మిగులును. జీవితములో ఇట్టి బేహారి ఉండునా? ఉన్నచో వాని కథ నవ్వుతోనే ముగియునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ఇంగ్లండు పోనక్కరలేదు. హైదరాబాదు చరిత్రలోనే అది దొరకును.

సిమ్లా బజారులోని మాయావి

పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున, బ్రిటిష్ ప్రభుత్వమునకు వేసవి రాజధానియైన సిమ్లాలో అలెగ్జాండర్ మాల్కమ్ జాకబ్ అను వర్తకుడు ఉండెను. రత్నములు, పురాతన ఆయుధములు, విగ్రహములు, వింతవస్తువులు అమ్ముచుండెను. వాని పుట్టుపూర్వోత్తరములను గూర్చి ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెప్పుకొనిరి. టర్కీవాడనిరి, ఆర్మేనియనుడనిరి, యూదుడనిరి. రష్యా గూఢచారి యని కొందరు, బ్రిటిష్ గూఢచారి యని మరికొందరు గుసగుసలు పోయిరి. మంత్రవిద్య తెలిసినవాడను ప్రతీతియు కలదు. ఈ పుకార్లను జాకబ్ ఖండింపలేదు. రత్నముల వర్తకునకు రహస్యము కూడ ఒక సరకే. ఎవరో తెలియనివాడు చూపిన రత్నము, ఎక్కడిదో తెలియని కాంతితో మెరయును.

ఆ వ్యక్తిత్వము రచయితలను ఆకర్షించెను. మారియన్ క్రాఫర్డ్ అను అమెరికన్ రచయిత 1882లో ప్రకటించిన మిస్టర్ ఐజాక్స్ నవలకు జాకబే మూలమని విమర్శకులు చెప్పుదురు. రుడ్‌యార్డ్ కిప్లింగు 1901లో వెలువరించిన కిమ్ నవలలోని లుర్గన్ సాహెబు పాత్రకును ఇతడే మూలమందురు. అనగా లవ్‌జాయ్ పుట్టుటకు దాదాపు నూరేండ్లకు పూర్వమే హిందూదేశపు పాతవస్తువుల బేహారి ఒకడు ఆంగ్లసాహిత్యములో ప్రవేశించినాడన్నమాట. భేదమేమనగా, వీడు రక్తమాంసములు గల మనుష్యుడు.

గోలకొండకు పరదేశపు వజ్రము

1891వ సంవత్సరమున జాకబ్ దృష్టి ఒక గొప్ప వజ్రము పైన పడెను. అది దక్షిణాఫ్రికా గనులలో దొరకినది. ఆమ్‌స్టర్‌డామ్ నగరములో సానపట్టబడినది. ఇంపీరియల్ అనియు, విక్టోరియా అనియు పేర్లు గలది. తూకము 184.75 క్యారట్లు, అనగా సుమారు 37 గ్రాములు. నేటి కోహినూరు తూకము 105.6 క్యారట్లు మాత్రమే యని తలచినచో దీని పరిమాణము బోధపడును. యూరపులో దీనిని కొనగల దొర దొరకనందున లండనులోని స్వాములు తూర్పుదిక్కునకు చూచుచుండిరి.

ఇక్కడ చరిత్ర ఒక వక్రోక్తి పలికినది. వజ్రములనగా లోకమంతయు గోలకొండ పేరే చెప్పుకొన్న కాలమొకటి కలదు. పదునేడవ శతాబ్దిలో వచ్చిన టవెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు, కృష్ణాతీరమందలి కొల్లూరు గనిలో అరువదివేల మంది పనిచేయుచుండిరని వ్రాసినాడు. దక్కను గనుల యొద్ద తాను చూచిన బాలవర్తకులను గూర్చియు వర్ణించినాడు. పది మొదలు పదునారేండ్ల వరకు గల పిల్లలు ఊరి నడుమ చెట్టుక్రింద కూర్చుండుదురట. ఒక్కొక్కని యొద్ద తూనిక రాళ్ళు, డబ్బు సంచి ఉండునట. ఎవరైన వజ్రము తెచ్చినచో పెద్ద పిల్లవాని చేతికిత్తురట. వాడు చూచి ప్రక్కవానికిచ్చును. అట్లు చేతులు మారి మరల మొదటివానికి చేరిన పిదప ధర నిర్ణయమగునట. వరాహమిహిరుని బృహత్సంహితలో రత్నపరీక్షకు ప్రత్యేకముగా అధ్యాయము కలదు. గ్రంథములలో నున్న ఆ విద్య ఇక్కడ చెట్టుక్రింది పిల్లల చేతివ్రేళ్ళలోనికి దిగినది. లవ్‌జాయ్ గుండె ఝల్లుమనుట కల్పన. ఆ పిల్లల కన్ను సత్యము. అది దైవదత్తమైన వరము కాదు, వేల రాళ్ళను చూచి చూచి సంపాదించిన విద్య.

అట్టి నేలకు, గనులు వట్టిపోయిన తరువాత, ఆఫ్రికా వజ్రము అమ్మకమునకు వచ్చినది. పూర్వము ప్రపంచమునకు వజ్రములు పంపిన గోలకొండకు వారసుడైన ప్రభువు, పరదేశపు వజ్రమునకై పరదేశపు వర్తకునితో బేరమునకు కూర్చుండినాడు. ఆ ప్రభువు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను. వయస్సు ఇరువదియైదేండ్లు. రత్నములనిన మక్కువ మెండు. నిజాము ఆంతరంగిక సేవకుడు ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మేనియనుడు ఈ బేరమునకు మధ్యవర్తిగా నిలిచెను. తరువాతి కాలమున ఇతడు పెట్టిన దుకాణము పేరిటనే హైదరాబాదులోని ఆబిడ్స్ ప్రసిద్ధి కెక్కినది. నేడు ఆబిడ్సులో ఆదివారము పాతపుస్తకముల కొరకు తిరుగు విద్యార్థులలో ఎందరికి ఈ సంగతి తెలియును?

జాకబ్ మొదట చెప్పిన ధర 1 కోటి 20 లక్షల రూపాయలు. బేరము 46 లక్షలకు కుదిరినది. వజ్రమును ఇంగ్లండు నుండి తెప్పించుటకై అందులో సగము, 23 లక్షలు, ముందుగా చెల్లింపవలెను; వచ్చిన పిదప నిజామునకు నచ్చినచో తీసికొనవలెను, నచ్చనిచో లేదు. వజ్రమును లండను స్వాముల యొద్ద జాకబ్ కొనదలచిన ధర, తాను బయానాగా పుచ్చుకొన్న మొత్తముకన్న తక్కువ. అనగా కొనువాని సొమ్ముతోనే సరకు కొని, మిగిలినదంతయు లాభముగా మిగుల్చుకొను ఎత్తుగడ. తన చేతినుండి చిల్లిగవ్వ పెట్టకుండ ప్రపంచములోని మహావజ్రములలో ఒకదానిని చేతులు మార్పవచ్చునని జాకబ్ తలచెను. లవ్‌జాయ్ కథలలో వారమునకొకసారి జరుగు ఎత్తుగడయే ఇది. కాని ఇది కథ కాదు.

న్యాయస్థానము నడుమ వజ్రము

బ్రిటిష్ రెసిడెంటునకు ఈ సంగతి తెలిసెను. సంస్థానపు ఖజానా అంతంతమాత్రముగా నున్న వేళ ఇంత ధనము ఒక రాతిపై వెచ్చించుటకు అభ్యంతరము చెప్పెను. జాకబ్ వజ్రముతో హైదరాబాదు వచ్చినపుడు నిజాము దానిని తిరస్కరించెను. బయానా తిరిగి యిమ్మనెను. కాని ఆ ధనము అప్పటికే చేతులు మారినది. జాకబ్‌పై విశ్వాసఘాతుక నేరము మోపబడెను. కలకత్తా హైకోర్టులో విచారణ నడచెను.

విచారణలో ప్రశ్న ఒక్కటే. ఆ 23 లక్షలు ఎట్టివి? వజ్రము నచ్చునంత వరకు భద్రముగా ఉంచవలసిన నిక్షేపమా? లేక వజ్రమును కొని తెచ్చుటకు ఇచ్చిన పెట్టుబడియా? మొదటిదైనచో జాకబ్ దోషి, రెండవదైనచో నిర్దోషి. ఈ ఒక్క మాట తేల్చుటకు ఒక సంస్థానాధిపతి సాక్ష్యము అవసరమైనది. ప్రభువు కలకత్తా న్యాయస్థానమునకు పోవుట అవమానమని, హైదరాబాదులోనే కమిషను ఎదుట వాఙ్మూలము తీసికొనిరి. సామాన్యునివలె ప్రశ్నలకు సమాధానము చెప్పవలసి వచ్చుట నిజామునకు తీరని కొరతయై మిగిలినది. 1891 డిసెంబరులో జ్యూరీ జాకబ్‌ను నిర్దోషిగా ప్రకటించెను.

ఇంతటితో కథ ముగిసినచో టక్కరికి జయము కలిగినదని ప్రేక్షకులు లేచిపోవచ్చును. కాని జీవితము అక్కడ తెర దించలేదు. పిదప జరిగిన రాజీలో వజ్రము నిజామునకే దక్కినది. మిగిలిన 23 లక్షలు జాకబ్‌కు దక్కలేదు. వకీళ్ళ ఖర్చు వానిని పీల్చివేసినది. అంతకన్న ఘోరమైనది మరియొకటి. ఒక ప్రభువును కోర్టుకు ఈడ్చిన వర్తకుని యొద్ద మరియొక ప్రభువు కొనునా? సంస్థానముల ద్వారములు ఒక్కొక్కటిగా మూసికొనిపోయెను. చెల్లవలసిన బాకీలు చెల్లలేదు. సిమ్లా వైభవము కరిగిపోయెను. జాకబ్ బొంబాయి చేరి, 1921లో పేదరికమున కన్ను మూసెను. న్యాయస్థానము విడిచిపెట్టినవానిని బజారు శిక్షించినది.

కోర్టు దోషము లేదన్నది కనుక జాకబ్ ఉత్తముడని చెప్పనక్కరలేదు. కోరిన వస్తువును తెప్పించుకొని, పైవాడు కన్నెఱ్ఱ చేయగనే వలదన్న ప్రభువు దోషము లేనివాడనియు చెప్పలేము. ఒకడు తన కోరికకు బానిస, మరియొకడు తన నేర్పునకు బానిస. వారి నడుమ రాయి మాత్రము నిర్వికారముగా మెరసినది.

జోడు కొన నుండి బల్లమీదికి

ఇంత రచ్చ చేసిన వజ్రమును మహబూబ్ అలీఖాను తరువాత కన్నెత్తి చూడలేదందురు. 1911లో ఆయన మరణించిన కొంత కాలమునకు, తండ్రి జోడు కొనలో గుడ్డలో చుట్టి దాచిన ఆ రాయి ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖానునకు దొరకినదనియు, ఆయన దానిని కాగితములు ఎగిరిపోకుండ బరువుగా వాడినాడనియు ప్రసిద్ధి. వానిని ముంచిన వజ్రమునకు ఆ వర్తకుని పేరే స్థిరపడినది. నేడు లోకము దానిని జాకబ్ వజ్రమనియే పిలుచుచున్నది. ఆస్తి పోయినను పేరు నిలిచినది.

ఏడవ నిజాము పాలనలో 1923 మొదలు 1931 వరకు మంజీరా నదిపై నిజాంసాగరము కట్టబడినది. నవాబ్ అలీ నవాజ్ జంగు ఆ పనికి సూత్రధారియైన ఇంజనీరు. నేటి కామారెడ్డి జిల్లాలోని మహమ్మద్‌నగరు ఆ జలాశయమునకు సమీపముననే యున్నది. అక్కడి రైతు ఆ కట్టరాతిని చూచినపుడు దాని వెల అడుగడు. కాలువలో నీరెంత వచ్చినదని అడుగును. ఒకే ప్రభువు కాలమున ఒక రాయి బల్లమీద కాగితములను అణచి పెట్టినది; వేలకొలది రాళ్ళు కలసి నదిని నిలిపి పొలములకు నీరిచ్చినవి. కోట్ల విలువ గల రాయి ఏదియని పిల్లలను అడిగినచో వారేమి సమాధానము చెప్పుదురో చూడదగినది.

1995లో భారత ప్రభుత్వము నిజాము ఆభరణములను 218 కోట్ల రూపాయలకు కొనెను. జాకబ్ వజ్రము కూడ వానిలో నున్నది. అవి రిజర్వు బ్యాంకు భద్రతలోనికి చేరినవి. అరుదుగా ప్రదర్శనకు వచ్చుచుండును. హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియములోను వానిని ప్రజలు చూచియున్నారు.

నవ్వురాని బేహారి

ఇంతవరకు చెప్పిన ఇద్దరిని చూచి చిరునవ్వు నవ్వవచ్చును. లవ్‌జాయ్ కల్పితుడు. జాకబ్ ధనవంతుని ధనముతో ఆడుకొన్నాడు. మూడవ బేహారి సంగతి అట్టిది కాదు.

ప్రకాశము జిల్లాలో గుండ్లకమ్మ తీరమున చందవరము అను గ్రామము కలదు. అక్కడి కొండపై బౌద్ధస్తూపము ఉండెను. 1970ల దశాబ్దిలో పురావస్తుశాఖ త్రవ్వకములు జరిపి, అమరావతి శిల్పరీతికి చెందిన సున్నపురాతి ఫలకములను వెలికి తీసెను. ఒక ఫలకముపై బుద్ధుని ఆరాధించుచున్న భక్తులు చెక్కబడియున్నారు. సుమారు పదునేడు వందల యేండ్ల నాటి పని. ఆ శిల్పి పేరు ఎవరికిని తెలియదు. ఆ ఫలకము చందవరము నుండి దొంగిలింపబడినది. సముద్రములు దాటినది. 2005లో ఆస్ట్రేలియా జాతీయ కళాశాల దానిని న్యూయార్కులోని సుభాష్ కపూర్ అను బేహారి యొద్ద 5,95,000 డాలర్లకు కొనెను.

ఈ వ్యాపారములో వస్తువుకన్న ముఖ్యమైనది దాని వెంట నడచు కాగితము. ఈ శిల్పము ఎక్కడిది, ఎవరి యొద్ద ఉండెను, ఎప్పుడు దేశము దాటినది అను చరిత్రను చెప్పు పత్రము సరిగా నున్నచో వస్తువు సాధువగును. 1972 నాటి పురావస్తువుల చట్టమునకు పూర్వమే దేశము దాటినదని వ్రాసినచో కొనువాని మనస్సు కుదుటపడును. అందుచే దొంగ బేహారులు శిల్పమును మార్పరు, దాని జాతకమును మార్చుదురు. పూర్వపు మోసగాడు నకలు వస్తువునకు అసలు కథ చెప్పెడివాడు. నేటి మోసగాడు అసలు వస్తువునకు నకలు కథ చెప్పుచున్నాడు. ఈ భేదమును విద్యార్థులు గుర్తింపవలెను.

ఈ గుట్టును రట్టు చేసినది ఏ డివీ గుండె చప్పుడును కాదు. ఆ ఫలకము చందవరములో ఉన్న కాలమున తీసిన ఛాయాచిత్రములు. శిల్పము ఒకనాడు ఇక్కడనే ఉండెనని అవి నోరులేకయే సాక్ష్యము చెప్పినవి. 2016లో ఆస్ట్రేలియా ప్రభుత్వము ఆ ఫలకమును భారతదేశమునకు అప్పగించెను. సుభాష్ కపూర్ 2011లో జర్మనీలో పట్టుబడి, మరుసటి యేట భారతదేశమునకు తేబడినాడు. తమిళనాడులోని ఒక దేవాలయపు విగ్రహముల కేసులో 2022లో కుంభకోణము న్యాయస్థానము అతనికి పదేండ్ల శిక్ష విధించెను.

ఇక్కడ నవ్వు రాదు. రత్నము పోయినచో ధనము పోవును. శిల్పము పోయినచో ఒక ఊరి జ్ఞాపకము పోవును. వజ్రము ఏ దేశమున నున్నను వజ్రమే. కాని చందవరపు ఫలకము న్యూయార్కు అంగడిలో ఉత్త రాతిపలక. అది ఏ స్తూపమునకు అలంకారమో, ఏ నది గాలి దానిని తాకినదో చెప్పువారు లేనిచో దానిలో సగము చచ్చినట్లే. పాతవస్తువు విలువ దాని వయస్సులో లేదు. దాని స్థానములో, దాని కథలో ఉన్నది.

పళ్ళెములోని పాఠము

చట్టములు కలవు. నూరేండ్లకు మించిన కళాఖండములు పురావస్తువులు. వ్రాతప్రతులైనచో డెబ్బదియైదేండ్లు చాలును. వానిని వ్యక్తులు విదేశములకు ఎగుమతి చేయరాదు. అమ్ముటకు లైసెన్సు ఉండవలెను. భూమిలో దొరకిన నిధిని గూర్చి 1878 నుండియే శాసనము కలదు. పది రూపాయల విలువకు మించిన నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలెను. కాని చట్టము కావలివాడు మాత్రమే. ఏది కాపాడవలెనో కావలివానికి ఎవరో చెప్పవలెను కదా!

తెలుగునాట ఇండ్లలోను, గుడులలోను, పొలముగట్లమీదను నేటికిని ఎన్ని వస్తువులు అనామకముగా పడియున్నవి! అటకపైని తాళపత్రముల కట్ట, తాత వాడిన గంటము, కంచు గంటలు, ఊరిబయటి వీరగల్లు, చెరువుకట్టపై శాసనపు రాయి, పసుపు పూయబడిన జైన విగ్రహము. పాత ఇత్తడికి కొత్త స్టీలు గిన్నెలిచ్చువాడు వీధిలో కేక వేసినపుడు గంగాళముతో పాటు ముత్తవ్వ పేరు చెక్కిన చెంబు కూడ తరలిపోవును. వాడు మోసగాడు కాడు, పొట్టకూటికి తిరుగువాడు. ఆ చెంబు హైదరాబాదులో జుమ్మెరాత్ బజారు చేరినపుడు దానిని గుర్తించు కన్ను గలవాడొకడు అక్కడ వేచియుండును. అమ్మినవానికి తెలియనిది కొన్నవానికి తెలియును. పాతవస్తువుల వ్యాపారములోని లాభమంతయు ఈ రెండు తెలివిడుల నడుమనున్న దూరమే. ఆ దూరమును తగ్గింపగలవాడు పోలీసువాడు కాడు, ఉపాధ్యాయుడు.

ఇందుకు ఉపాయము కూడ జాకబ్ కథలోనే కలదు. కిమ్ నవలలో లుర్గన్ సాహెబు బాలునకు ఒక ఆట నేర్పును. పళ్ళెములో రత్నములు పోసి చూపించి, కొంతసేపటికి కప్పివేయును. ఏ రాయి ఎట్టిదో, దానిపై ఏ మచ్చ యున్నదో చూడకుండ చెప్పవలెను. బాలుడు మొదట ఓడిపోవును. దినదినము సాధన చేసి కన్నును పదును పెట్టుకొనును. స్కౌటు ఉద్యమమును స్థాపించిన బేడెన్ పవల్ 1908లో తన గ్రంథమున ఈ ఆటను చేర్చెను. నాటినుండి కిమ్ ఆట యను పేర దేశదేశముల బాలురు దీనిని ఆడుచున్నారు. దివాలా తీసిన వర్తకుని నీడలో పుట్టిన ఆట, ప్రపంచపు పాఠశాలలకు పాఠమైనది.

ఆ పళ్ళెమును మన పాఠశాలలోనికి తేవచ్చును. రత్నములు అక్కరలేదు. పిల్లలు తమ తమ ఇండ్లనుండి తెచ్చిన ఒక హాలీ సిక్కా, ఒక గంటము, ఒక కవ్వము బిళ్ళ, ఒక పాత తాళపుచెవి చాలును. చూడుమని చెప్పి, కప్పి, వర్ణింపుమనవలెను. పిదప ఇది ఎవరిది, ఎక్కడిది, దేనికి వాడిరి అని అడుగవలెను. సమాధానము తెలియనివాడు ఇంటికి పోయి అవ్వను అడిగి వచ్చును. అటుపిమ్మట గుడి ముంగిటి శిల్పము కడకు, చెరువుకట్ట శాసనము కడకు తరగతిని నడిపింపవచ్చును. ప్రతి వస్తువునకు ఒక ఛాయాచిత్రము, కొలత, స్థానము, తేది వ్రాసి పాఠశాల బీరువాలో పదిలపరచినచో, అదియే ఆ ఊరి దస్తావేజు. చందవరపు ఫలకమును ఇంటికి రప్పించినది అట్టి ఛాయాచిత్రమే కదా!

లవ్‌జాయ్ కన్ను ఎంత గొప్పదైనను అది చూచినది అమ్ముటకే. జాకబ్ కన్ను చూచినది లాభమునకే. టవెర్నియే చూచిన బాలుర కన్ను సైతము బేరము కొరకే పదునెక్కినది. అమ్ముటకు గాక నిలుపుకొనుటకు చూచు కన్ను ఒకటి తయారు కావలసియున్నది. అది ఏ వేలశాలలోను తయారు కాదు; నలుబదిమంది పిల్లలు కూర్చున్న గదిలో, ఒక పాత చెంబు చుట్టు తయారగును.